పైరాయి

పచ్చి చోళ్లు తిరగలికి ఒక పట్టాన లొంగవు. ఆ సంగతి గురుబారికి తెలుసు, ఆమె కోడలు రమణికీ తెలుసు. అయినా ఆ ఉదయం అత్తాకోడళ్లిద్దరూ పంచలో ఎదురెదురుగా కాళ్లు చాపుకుని అవే విసురుతున్నారు. పిడికెడు పోస్తే పిండి రాలడం మానేసి రాళ్ల మధ్య ముద్దలా అంటుకుపోతోంది. కాసేపటికోసారి రమణి పైరాయిని ఎత్తి పక్కకు వాలుస్తోంది. గురుబారి చీపురుపుల్లల కట్టతో గంట్లలో ఇరుక్కున్న పచ్చిపిండిని గీకుతోంది. మళ్లీ రాయి బోర్లించడం, మళ్లీ పిడి పట్టుకోవడం. మరో ఇంట్లో అయితే ఈపాటికి చోళ్లకీ, రాయికీ, మొగుడికీ కలిపి తిట్లు పడేవి. రమణి మాత్రం నోరు విప్పడం లేదు. గురుబారికి భయంగా ఉన్నది అందుకే.

చోళ్లు పచ్చిగా ఇంటికి వచ్చింది రమణి మొగుడు కామేష్ పుణ్యమే. పెళ్లాం కాఫీ పళ్లు కోయడానికి కొండెక్కిన పూట చూసి, జేసీబీని పిలిపించి, ఇంటి వెనక చోడిచేనంతా చదును చేయించేశాడు. కాస్త ఓపిక పడితే కోతకి వచ్చే చేను అది. క్రిస్మస్ సెలవులకి విశాఖపట్నం నుంచి జనం కార్లేసుకుని దిగిపోతారు, వలిసె పూలల్లో ఫోటోలు దిగి రాత్రికి టెంట్లు ఎక్కడా అని అడుగుతారు, మనం వేయకపోతే పక్క ఊరివాళ్లు వేస్తారు అన్నాడు. చోళ్లదేముంది, వచ్చే ఏడు పండుతాయి అన్నాడు. కన్నకొడుకే గానీ, ఆ మాట అన్నప్పుడు వాడి చెంప పగలగొట్టాలనిపించింది గురుబారికి. పగలగొట్టలేదు. గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం రమణి కాఫీ పళ్ల బుట్టతో దిగివచ్చి చేను ఉండాల్సిన చోట ఎర్రమట్టి చూసింది. అరవలేదు. బుట్ట దించి, మట్టిలోకి దిగి, నలిగిన కంకుల్ని ఒక్కొక్కటే పైకి లాగడం మొదలుపెట్టింది. స్కూలు నుంచి వచ్చిన కూతురు గాయత్రి సంచి పడేసి తనూ దిగింది. తల్లీకూతుళ్లు చీకటి పడేదాకా ఏరినవే ఈ చోళ్లు. అవి అంబలికి పనికిరావని తెలిసి కూడా రమణి విసురుతానంది, గురుబారి ఎదురుగా కూర్చుంది.

కామేష్ బండి ఆపి పంచలోకి వచ్చాడు. ఫోను పైకెత్తి ఇద్దరినీ తిరగలితో సహా ఫోటో తీసుకున్నాడు. ఈ తిరగలిని టెంట్ల క్యాంపు దగ్గర పెడదామన్నాడు. వచ్చినవాళ్లు తిప్పి ఫోటోలు దిగుతారట, అమ్మ మోకాళ్ల మీదికి పాతకాలం కట్టు కట్టుకుని పక్కన కూర్చుంటే మరీ బాగుంటుందట. ఇంట్లోకి రాగిపిండి కావాలంటే అరకులో మిల్లు ఉంది కదా అన్నాడు.

రమణి పైరాయి మీద చెయ్యి ఆనించి తలెత్తింది.

"భీముడు మావతో సెప్పినాను. ఎల్లుండి సదరు కూకుంటాది" అంది.

"దేనికి?"

"పుల్ల ఇరిసేద్దాం."

కామేష్ నవ్వబోయాడు, గాని నవ్వు సగంలోనే చచ్చిపోయింది. ఆ ఊళ్లో మొగుడూ పెళ్లాం ఇక కలిసి ఉండం అనుకుంటే, భీముడూ మిగతా పెద్దలూ కూర్చునే సదరు రాళ్ల ముందు ఎండుపుల్ల ఒకటి చెరో కొసా పట్టుకుని విరుస్తారు. విరిచిన పుల్లని మళ్లీ అతికిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. కామేష్ మొహం ఎర్రబడింది. చోడిగింజల కోసం సంసారం తెంచుకుంటావా అని పెద్దగా అరిచాడు. తను చేసేదంతా ఎవరి కోసమని అడిగాడు. రమణి మరో పిడికెడు పోసి, పిడి తిప్పి, గట్టిగా లాగితే అత్త చెయ్యి కూడా దాంతోపాటు తిరిగింది.

*

మర్నాడు గురుబారి కోడలి వెంట కాఫీ తోటకి బయలుదేరింది. ఆ వయసులో ఆమెకి కొండ ఎక్కే పనేమీ లేదు. ఇంట్లో మాట్లాడితే కొడుకు వింటాడని వెళ్లింది.

ఊరు దాటితే గెడ్డ, కొండ మీంచి దిగే వాగు. బండల మీద నుంచి దాటాలి, బండలు నాచుపట్టి ఉంటాయి. రమణి ముందు దాటేసి, ఎప్పట్లాగే వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వానాకాలం నుంచీ అది ఆమె అలవాటు. గురుబారి చెయ్యి అందుకుని ఒడ్డెక్కింది. ఆ చేతిని వదలకుండా కాసేపు పట్టుకునే ఉంది.

తోటలో ఇద్దరూ ఒకే మొక్కకి చెరో పక్కా నిలబడి పళ్లు కోశారు. ఎర్రగా పండినవి మాత్రమే తుంచి నడుముకి కట్టిన సంచిలో వేసుకోవాలి, పచ్చివాటి జోలికి పోకూడదు. గురుబారికి కళ్లు సరిగ్గా ఆనక పచ్చివి కూడా తెంపేస్తోంది. రమణి అత్త సంచిలోంచి వాటిని ఏరి పారేస్తోంది. అంత మంచిది ఇంట్లోంచి పోతే ఎలా అని గురుబారికి గుండె పీకుతోంది.

చివరికి అడిగేసింది. వాడు మొండివాడు, నిజమే, తాగి కొట్టేవాడు కాదు గదా, ఇంకో ఆడదాన్ని తేలేదు గదా, ఒక్క చేను పోయినందుకే ఇంత పనా అంది. రమణి కొమ్మ వంచి పట్టుకుని కోస్తూనే చెప్పింది.

"సేను పోయినందుకు కాదత్తా. నన్ను అడగాలని ఆడికి తోసలేదు. అడిగితే నాను వద్దంటానని తెలుసు, అందుకే నాను లేని పూట సూసుకున్నాడు. రేపు కాపీ తోట నరికేసినా అంతే, నన్ను ఇంట్లోంచి తోసేసినా అంతే."

గురుబారి తల వంచుకుని మరో పండు తుంచింది. ఆ రోజు గుమ్మంలో నిలబడి చూసింది తనే. జేసీబీకి అడ్డం వెళ్లి నిలబడితే కామేష్ ఆపి ఉండేవాడేమో. ఆ మాట రమణి ఒక్కసారి కూడా అనలేదు.

"నీకోసమే ఆలోసిత్తన్నాను" అంది రమణి గొంతు తగ్గించి. "నిన్నొదిలి ఎలా ఎల్లడం అని. నానేటీ అడగను. ఇల్లొద్దు, తోటొద్దు. మా అయ్య తెచ్చిన రాయి, నా గుంట గాయత్రి. ఈ రెండూ ఇప్పించుకుని ఎగువపుట్టు ఎల్లిపోతాను."

ఎగువపుట్టు రమణి పుట్టిన ఊరు, గెడ్డ అవతల రెండు మలుపులు ఎక్కితే వస్తుంది. తిరగలి పాత పైరాయి పగిలిపోయినప్పుడు రమణి తండ్రి అక్కడి నల్లరాయిని తనే చెక్కి, కావిడి వేసుకుని జోరువానలో మోసుకొచ్చాడు. ఈ ఇంటి కిందిరాయి మీద దాన్ని కూర్చోబెట్టి, తిప్పి చూసి, మళ్లీ దించి, ఉలితో గంట్లు కొట్టి, రెండు రాళ్లకీ పొత్తు కుదిరేదాకా కదల్లేదు. గురుబారి మొగుడు ఆయనకి జీలుగు కల్లు పోశాడు, కోడి కోశాడు. ఇచ్చిందీ పుచ్చుకున్నదీ అంతే. ఇప్పుడు ఆ ముసలాళ్లిద్దరూ లేరు. ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు.

గురుబారి మనసులో ఆ క్షణాన ఒక ఆలోచన దూరింది. దొంగ ఆలోచన అని దానికీ తెలుసు, అందుకే మెల్లగా దూరింది. ఊరి కట్టు ఆమెకి బాగా తెలుసు. పుట్టింటి నుంచి బరువైనదేదైనా, ఆవుగానీ రోలుగానీ తిరగలిగానీ, వచ్చి మొగుడింట నిలిస్తే ఆ ఆడది ఆ ఇంట చోటున్న మనిషి. పుల్ల విరిచి పోయేటప్పుడు ఆ వస్తువూ ఆమెదే, ఆడపిల్లా ఆమెదే. ఏమీ రాని ఆడది వచ్చినట్టే చేతులూపుకుంటూ వెళ్లాలి, పిల్లలు తండ్రి గోత్రానికే చెందుతారు. అంటే ఆ పైరాయి రమణిది కాదని తేలిపోతే గుంట ఇక్కడే ఉండిపోతుంది. గుంట ఇక్కడుంటే తల్లి ఎక్కడికి పోతుంది? ఏ తల్లి పోతుంది? పుల్ల పట్టుకున్న చెయ్యి దానంతటదే కిందికి దిగిపోతుంది. నాలుగు రోజులు ఏడుస్తుంది, తిడుతుంది, తర్వాత మామూలే.

సాయంత్రం దిగేటప్పుడు గెడ్డ దగ్గర రమణి మళ్లీ చెయ్యి చాపింది. ఈసారి గురుబారి ఆమె మొహంలోకి చూడకుండా ఒడ్డెక్కింది.

*

సదరు నాడు ఊళ్లో సగం మంది పనికి పోలేదు. భీముడు, మరో ఇద్దరు పెద్దలు రాళ్ల మీద కూర్చున్నారు. భీముడు మెత్తని మనిషి, ఎవరి కాపురమూ విరగ్గొట్టాలని ఉండదు. అందుకే ముందు చాలాసేపు నచ్చజెప్పాడు. చేను తిరిగి ఇస్తావా అని కామేష్‌ని అడిగాడు. కామేష్ ఫోనులో టెంట్ల ఫోటోలు చూపించి, అడ్వాన్సులు తీసుకున్నాను, ఇప్పుడెలా కుదురుతుంది అన్నాడు. ఆ మాటతో పెద్దలకి కూడా ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

ఎవరిది ఏదో తేల్చమన్నారు. టీవీ, బండి, కోళ్లు, వంట గిన్నెలు అన్నీ కామేష్‌వే అంది రమణి. అతను తెల్లబోయాడు, పేచీకి సిద్ధపడి వచ్చినవాడికి పేచీ దొరకలేదు. పైరాయి మా అయ్యది, గాయత్రి నాది అంది. గాయత్రి తల్లి కొంగు వేలికి చుట్టుకుని నిలబడి ఉంది. పదేళ్ల పిల్ల, ఎవరు మాట్లాడితే వాళ్ల మొహం చూస్తోంది.

కామేష్ ఇక్కడ అడ్డుపడ్డాడు. ఆ రాయి వచ్చినప్పుడు తను పార్వతీపురంలో లారీ మీద ఉన్నాడు, ఎలా వచ్చిందో తనకి తెలియదు, ఇంట్లో ఉన్నది ఇంటిదే అన్నాడు. రాయి మీద అతనికంత మోజేమీ లేదు. రాయి పోతే కూతురు పోతుందని అతనికీ తెలుసు.

భీముడు గురుబారి వైపు తిరిగాడు.

"గురుబారీ, అప్పుడు ఇంట్లో ఉన్న పెద్దదానివి నువ్వే. ఆ పైరాయి ఎవుల్ది?"

సదరు రాళ్ల మీద అబద్ధమాడేవాళ్లు ఆ ఊళ్లో లేరు. గురుబారి కోడలి వైపు చూడకుండా భీముడి కాళ్ల దగ్గర పెట్టిన ఎండుపుల్లని చూస్తూ చెప్పింది.

"మాదే. ఆళ్లయ్య తెచ్చిన మాట నిజిమే. ఊరికే తేలేదు. మా ముసిలోడు దానికి పెయ్యదూడనిచ్చినాడు."

అందరూ తలలూపారు. బదులు పుచ్చుకుని ఇచ్చిన రాయి పుట్టింటి రాయి కాదు. కామేష్ తల్లి వైపు చూసిన చూపులో ఆశ్చర్యమూ ఉంది, సంతోషమూ ఉంది. గురుబారి ఇప్పుడు తలెత్తి రమణిని చూసింది. చూడు, ఇదంతా నిన్ను ఉంచుకోవడానికే, అర్థం చేసుకోవే అని కళ్లతోనే బతిమాలింది. రమణి అత్తనే చూస్తోంది. కోపం లేదు ఆ మొహంలో.

"ఏ రంగు పెయ్య అత్తా?" అని అడిగింది.

"నల్లది" అంది గురుబారి.

రమణి మెల్లగా తలూపింది. పుల్ల ఎక్కడ అని అడిగింది. భీముడు మరోసారి ఆలోచించుకోమన్నాడు, గుంట తండ్రి దగ్గరే ఉండిపోవాల్సి వస్తుందని కూడా చెప్పాడు. ఆమె వంగి పుల్ల తనే తీసుకుని రెండో కొస కామేష్ ముందుకి చాపింది. అతను పట్టుకున్నాడో లేదో, విరిగిపోయింది. ఎండుపుల్ల, చప్పుడు కూడా పెద్దగా కాలేదు.

వేలికి చుట్టుకున్న కొంగుని గాయత్రి వదల్లేదు. రమణి మోకాళ్ల మీద కూర్చుని ఆ కొంగుని కూతురి వేలి నుంచి తనే విప్పింది. చెవిలో ఏదో చెప్పింది. తర్వాత లేచి గెడ్డ దారి పట్టింది, ఒంటి మీది చీరతో, వచ్చినట్టే.

గురుబారి అక్కడే నిలబడిపోయింది. లెక్క ఎక్కడ తప్పిందో ఆమెకి అంతుబట్టలేదు.

*

క్రిస్మస్ ముందు టెంట్లు వెలిశాయి, నీలంవి, నారింజవి. చోడిచేను ఆనవాలు కూడా లేదు. తిరగలిని ఇద్దరు కుర్రాళ్లు మోసుకొచ్చి క్యాంపు నడిమధ్య గడ్డి పందిరి కింద పెట్టారు. గురుబారి మోకాళ్ల పైకి పాత కట్టు కట్టుకుని, మెళ్లో పూసలేసుకుని దాని పక్కన కూర్చోవాల్సి వచ్చింది. సెలవులు కనుక గాయత్రి ఎదురుగా కూర్చుంది.

తిరగలిలో గింజలు పోయొద్దన్నాడు కామేష్. పిండి ఎగిరి వచ్చినవాళ్ల బట్టల మీద పడుతుందట. ఉత్త తిరగలి తిప్పకూడదురా, రాయి రాయిని తినేస్తుంది అంది గురుబారి. ఫోటోకే కదా, మెల్లగా తిప్పు అన్నాడు. తిప్పింది. గరగరమని పళ్లు కొరికిన చప్పుడు వచ్చింది. అంచుల వెంట బూడిదరంగు పొడి రాలింది. జీన్సు వేసుకున్న అమ్మాయి ఒకతె వచ్చి, ఆ పొడి వేలితో తాకి, ఇది ఏం పిండి అవ్వా అని ముద్దుగా అడిగింది. చోడిపిండి అని చెప్పింది గురుబారి. ఒకసారి మొదలుపెడితే అబద్ధం అంత కష్టమేమీ కాదు.

గాయత్రి పిడి మీద చెయ్యి వేసి నాన్నమ్మతో పాటు తిప్పుతోంది. చెయ్యి చిన్నదే గాని ఆ పట్టు తల్లిదే. తనవైపు వచ్చినప్పుడు లాగి, అవతలికి పోయేటప్పుడు వదలడం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. ఆ చెయ్యి చూస్తున్నంతసేపూ గురుబారికి కడుపులో కాస్త వెచ్చగా ఉండేది. కోడలు పోయింది, ఇది మిగిలింది, అదే పదివేలు అనుకునేది.

"మామ్మా, మన నల్లపెయ్య ఏటయింది?" అని అడిగింది గాయత్రి ఒక మధ్యాహ్నం. "అది పెద్దదై ఉంటాది గదా. అమ్మోళ్లింట్లోనే ఉందేటి? అమ్మ దాని పాలు తాగుతాదేటి?"

గురుబారి పిడి వదిలేసింది. అలిసిపోయినట్టు కళ్లు మూసుకుంది. పిల్ల ఇంకోసారి అడగలేదు.

కొత్త సంవత్సరం జనం వెళ్లిపోయాక కామేష్ తిరగలి దగ్గరికి వచ్చి పైరాయి పక్కకి వాల్చి చూశాడు. గంట్లన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. పోనీలే, సిమెంటుతో ఒకటి పోయిద్దాం, రంగు వేస్తే అచ్చం ఇలాగే ఉంటుంది అన్నాడు. ఈ పైరాయిని గేటు దగ్గర నిలబెట్టి తెల్లరంగు కొట్టి క్యాంపు పేరు రాయిద్దాం, గుండ్రంగా బోర్డులా ఉంటుంది అని కూడా అన్నాడు. పెయింటరుకి అక్కడే ఫోను చేశాడు. వాడు మర్నాడు వస్తానన్నాడు.

ఆ మాటతో గురుబారికి ఒళ్లు మండిపోయింది. కావిడి మోసిన మనిషి భుజం ఎంత కమిలిపోయిందో ఆమె కళ్లతో చూసింది, పసుపు నూరి రాసింది తనే. ఆ రాయి మీద తెల్లరంగా? పేరు రాస్తాడా?

మర్నాడు పొద్దెక్కాక కామేష్ టూరిస్టుల్ని తేవడానికి రైల్వేస్టేషనుకి వెళ్లాడు. గురుబారి పాత చీర చింపి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. గోడవార గట్టు మీదికి పైరాయిని దొర్లించి, దాని కింద తల పెట్టి, పళ్ల బిగువున లేచింది. కట్టెలమోపులు మోసిన మెడే గాని మోపు వేరు, రాయి వేరు. మెడనరాలు జివ్వుమన్నాయి.

గాయత్రి చూసేసింది. అమ్మ దగ్గరికేనా అని అడిగింది. నేనూ వస్తానంది. చెప్పులేసుకుని వాకిట్లోకి వచ్చేసింది కూడా. గురుబారి తల తిప్పలేక నిలబడే గదమాయించింది. కోళ్లని ఎవరు చూస్తారు, మీ నాన్న వస్తే అన్నం ఎవరు పెడతారు, ఇంట్లో ఉండు, బేగి వచ్చేస్తాను అంది. పిల్ల వాకిట్లోనే ఆగిపోయింది.

*

గెడ్డ దగ్గర బండలు చూసి గురుబారి ఆగింది. తలమీద రాయితో నాచుబండల మీద అడుగు వేసే ధైర్యం లేదు. కాస్త పైకి వెళ్లి, ఇసక మేట ఉన్నచోట మోకాళ్ల లోతు నీళ్లలో దిగి దాటింది. మలుపుకోసారి గట్టు చూసుకుని రాయి దించి ఆయాసం తీర్చుకుంది. ఒళ్లంతా నొప్పులే గాని మనసు తేలిగ్గా ఉంది. తప్పు చేశాను, దిద్దుకుంటున్నాను, ఇంత బరువు మోసుకొస్తే అది మాత్రం కాదంటుందా అనుకుంది. కోడలు పరుగున ఎదురొచ్చి రాయి దించుకుంటుంది. తలుచుకుని ఒకచోట కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది.

రమణి పుట్టింటి పంచలో కూర్చుని కాఫీ గింజల్లో నల్లవి ఏరుతోంది. అత్తని చూసి చేట పక్కన పెట్టి లేచింది. నిజంగానే ఎదురొచ్చి రాయి దించుకుంది. అరిగిపోయిన గంట్ల మీద చెయ్యి వేసి నిమిరింది. ఉత్తగా తిప్పినారేటి అని అడిగింది. గురుబారి తలూపింది. రమణి రాయిని దొర్లించుకుంటూ పోయి గోడకి ఆనించి, కిందికి జారకుండా చిన్న రాయి అడ్డం పెట్టింది. తర్వాత ఇటు తిరిగింది.

"గుంటని తేలేదేటి?"

గురుబారి కోళ్లని చూసేవాళ్లు లేరంది. గెడ్డలో నీళ్లు ఎక్కువగా ఉన్నాయంది. వాడు ఊరుకోడంది. ఒక్కో మాటా అంటుంటే అది ఎంత తేలిగ్గా ఉందో తన చెవులకే తెలుస్తోంది. కోళ్లు! వాకిట్లో చెప్పులేసుకుని నిలబడ్డ పిల్లని ఆపింది కామేష్ కాదు, పెద్దలు కాదు. పిల్ల వస్తే తిరిగి రాదని తనకి తెలుసు. ఎదురుగా పిడి మీద ఆ చిన్న చెయ్యి ఉండాలి. మొదటినుంచీ కావలసింది అదే. రమణి కావాలన్నా, గాయత్రి కావాలన్నా, తనకి కావలసింది తన ఎదురుగా ఒక మనిషి.

రమణి లోపలికి వెళ్లి గ్లాసుతో అంబలి తెచ్చి ఇచ్చింది. చుట్టాలకిచ్చే స్టీలు గ్లాసు. గురుబారి రెండు గుక్కలు తాగింది, మిల్లు పిండి, మెత్తగా, రుచీపచీ లేకుండా ఉంది.

"పెయ్య మాట అబద్దమే" అంది గురుబారి. "నువ్వెళ్లవనుకున్నాను."

"అబద్దమని నాకు తెలుసు గదత్తా. మా ఇంట నల్లపెయ్య ఎప్పుడుందని? నాకెందుకు సెప్తన్నావు?"

"తప్పయిపోయింది."

"రాయి మోసుకొచ్చినావు. రాయి నిన్నేటీ అడగదు, అందుకే మోసినావు." రమణి చీర కొంగు బిగించి నడుముకి దోపుకుంది. "లే. పద. భీముడు మావకి సెప్పు. నీ కొడుకు ఎదురుగా సెప్పు. సెప్తే గుంట నాది. సెప్పకపోతే ఈ రాయి నువ్వే ఎనక్కి మోసుకుపో."

గురుబారి కాసేపాగి పోదాం అందామనుకుంది, గాని అప్పటికే రమణి వాకిలి దాటేసింది. గ్లాసు గట్టు మీద పెట్టి వెనకే నడిచింది. దిగుడు దారి, కోడలి నడక ముందు ఆమె నడక ఏపాటి. మలుపు దగ్గర ఒకసారి కనిపించకుండా పోయి, మళ్లీ కింద ఎక్కడో కనిపించింది రమణి చీర.

దారి పొడుగునా గురుబారి చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. కామేష్ మొహం గుర్తొస్తే మాటలు చెదిరిపోయాయి. సదరు రాళ్ల మీద అబద్ధమాడిన ముసల్దని ఊరంతా అంటుంది, అననీ. వాడు ఇంట్లోంచి పొమ్మంటాడేమో. పొమ్మన్నా రమణి రమ్మనదు, ఆ సంగతి స్టీలు గ్లాసు చెప్పేసింది. పొమ్మనకపోయినా రేపటి నుంచి ఆ ఇంట్లో కిందిరాయి ఒకటీ, తనొకర్తే. చెప్పకపోతేనో, పిల్ల ఎదురుగా కూర్చుంటుంది, మళ్లీ నల్లపెయ్య ఏమైందని అడుగుతుంది.

గెడ్డ దగ్గరికి వచ్చేసరికి రమణి బండల మీద నుంచి అవతలి ఒడ్డుకి దాటేసింది. గురుబారి మొదటి బండ ముందు ఆగి, అలవాటుగా చెయ్యి ముందుకి చాపింది.

రమణి వెనక్కి తిరగలేదు. ఒడ్డెక్కి ఊరి దారిలో పోతూనే ఉంది. ఆ దూరంలో, ఊరి మొదట్లో, చెప్పులేసుకున్న పిల్ల ఒకతె పరుగెత్తుకొస్తోంది.

గురుబారి చాపిన చెయ్యి దించుకుంది. చీర మోకాళ్ల పైకి ఎగదోపుకుని, నాచుబండలు వదిలేసి, ఒక్కర్తే నీళ్లలోకి దిగింది.